మావయ్య చెప్పిన ఏడు నియమాలు

బందరు పక్కనున్న చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని చేసేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. కానీ పూత పని అనేసరికి అందరూ తాతారావు పేరే చెబుతారు. గుడివాడ నుంచి వచ్చే కొట్లవాళ్ళు సరుకు మూట విప్పుతూనే ముందు అడిగేది, "ఇది తాతారావు ముంచిందేనా?" అని. అతను ముంచి తీసిన ఇత్తడి గాజును పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ కూడా బంగారం కాదని వెంటనే పోల్చుకోలేదు.

అంత పనివాడికి తన పని గురించే తెలియని సంగతి ఒకటుంది. అసలు ఆ పూత తొట్టిలో ఏం జరుగుతుంది? ఒక పక్క రేకు వేలాడుతుంది, ఇంకో పక్క సరుకు వేలాడుతుంది. మధ్యలో మందు నీళ్ళు. స్విచ్ వేస్తే చడీ చప్పుడూ ఉండదు. అయినా ఏదో వచ్చి గాజును పట్టుకుంటుంది. ఏ దారిన వస్తుంది? స్విచ్ వెయ్యకపోతే ఎందుకు రాదు? ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నా తాతారావుకు ఈ వింత పాతబడలేదు.

అడగలేదనుకోకండి. చాలామందిని అడిగాడు. షెడ్డు యజమాని రామబ్రహ్మం గారు, "తొట్టిలో ఏం జరుగుతుందో తొట్టి చూసుకుంటుంది. ఎప్పుడు బయటికి తియ్యాలో నువ్వు చూసుకో," అన్నారు. కరెంటు పని చేసే అతను, "కరెంటు లాక్కొస్తుంది గురూ," అన్నాడు. ఎలా లాక్కొస్తుందంటే, "లాక్కొస్తుందంతే," అన్నాడు. బెజవాడ నుంచి మందులు తెచ్చే ఏజెంటు ఒక ఇంగ్లీషు మాట చెప్పి, "అదన్నమాట సంగతి," అని టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ మాట తాతారావుకు అర్థం కాలేదు. చెప్పినవాడికి అర్థమైందన్న నమ్మకం కూడా కలగలేదు.

భార్య ఝాన్సీలక్ష్మిని మాత్రం ఒకే ఒక్కసారి అడిగాడు. ఆవిడ గొలుసు కొక్కేలు బిగిస్తూ తలెత్తకుండా, "ముప్పై ఏళ్ళు అందులోకి తొంగి చూసింది నువ్వు. నన్నడుగుతావేంటయ్యా?" అంది.

తాతారావుది దివిసీమ. నాగాయలంక దాటాక సముద్రం వాసన తగిలే ఒక చిన్న ఊరు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. ఎవరూ కొట్టలేదు, ఇంట్లో పూట గడవని పరిస్థితీ కాదు. మేనమామ వచ్చాడు. "బందరులో మంచి పనుందిరా, వస్తావా?" అన్నాడు. ఆ రోజు హిందీ పరీక్ష ఉంది. వస్తానన్నాడు. అవనిగడ్డలో బస్సు మారి సాయంత్రానికి చిలకలపూడిలో దిగారు. అంతే.

ఆ మేనమామే అతనికి పని నేర్పాడు. ఏడు నియమాలు చెప్పాడు. కుంకుడు రసంతో కడిగాక సరుకును వేలితో ముట్టుకోకూడదు. స్విచ్ వేశాకే తొట్టిలో ముంచాలి. ముంచినంతసేపూ తూర్పుకు తిరిగి నిలబడాలి. సరుకు తొట్టిలో ఉన్నప్పుడు మాట్లాడకూడదు. తీగను మెల్లగా ఊపుతూనే ఉండాలి. తొట్టి కింద ఇనప మేకు ఉండాలి. మంగళవారం నాడు కొత్త మందు కలపకూడదు.

"ఎందుకు మావయ్యా?" అని కుర్ర తాతారావు అడిగాడు.

"ఎక్కువ ప్రశ్నలడిగేవాడికి పని రాదు," అన్నాడు మేనమామ.

అడగడం మానేశాడు. పని వచ్చింది. మేనమామ పోయి పన్నెండేళ్ళయింది. ఏడు నియమాలూ అలాగే ఉన్నాయి. వాటిలో ఏది లేకపోతే పూత నిజంగా పాడవుతుందో, ఏది ఉత్తదో తాతారావుకు తెలియదు. తెలియదు కాబట్టి ఒక్కటి కూడా వదిలే ధైర్యం లేదు. మేకు తుప్పు పట్టి విరిగిపోతే, బజారుకు వెళ్ళి కొత్త మేకు తెచ్చి పెట్టాడు.

ఇక బిందు సంగతి. బిందు అతని ఒక్కతే కూతురు. బందరులోనే ఒక మునిసిపల్ హైస్కూల్లో పదో తరగతి. దసరా సెలవుల్లో షెడ్డుకు వచ్చి రాళ్ళు అతికించే పనిలో కూర్చుంది. చివర మైనం పూసిన పుల్లతో రాయిని ఎత్తి, జిగురు చుక్క పెట్టిన గుంటలో కూర్చోబెట్టాలి. పక్కవాళ్ళు ఒక జత కమ్మలు పూర్తి చేసేలోపు తను రెండు జతలు ముగించి మూడోది అందుకునేది. అప్పటికి కార్తీకమాసం పెళ్ళిళ్ళ సరుకు తలకు మించి ఉంది. సెలవులైపోయాయి. "ఇవాళొక్క రోజు," అంది బిందు. తర్వాత, "ఈ వారం," అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. పొద్దున్నే తండ్రితోపాటు టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేది.

ఝాన్సీలక్ష్మి నాలుగు రోజులు అరిచింది. అయిదో రోజు బిందు అసలు విషయం చెప్పింది. దసరా ముందు జరిగిన పరీక్షలో లెక్కల్లో వందకు పదకొండు వచ్చాయి.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది తల్లి.

"ఎవరూ ఏమీ అనలేదు. అదే. నా పేపరు ఇచ్చేటప్పుడు సారు ఏమీ అనలేదు, పక్కవాళ్ళు కూడా ఏమీ అనలేదు. అక్కడ నేను ఏం చేసినా తప్పేనమ్మా. ఇక్కడ నా చెయ్యి మంచిదంటున్నారు."

 తల్లి తాతారావు వైపు చూసింది. అతను చెప్పు తెగిందేమోనని పరీక్షగా చూసుకుంటున్నాడు.

 చదువుకుంటే మంచిదని అతనికీ తెలుసు. ఎందుకు మంచిదో చెప్పమంటే మాత్రం, కరెంటు అతను చెప్పినట్టే, మంచిదంతే అనాల్సి వస్తుంది. పైగా కూతురు ఒక మాట అంది కూడా. "నువ్వు తొమ్మిది వరకూ చదివావు కదా నాన్నా. అందులో ఏది పనికొచ్చింది?" తాతారావు రెండు రోజులు ఆలోచించాడు. పనికొచ్చింది ఒకటీ గుర్తురాలేదు.

అలా ఆరు వారాలు గడిచాయి.

ఒక బుధవారం సాయంత్రం సైన్సు టీచరు ఎలీసబెతు గారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో గొడుగు, భుజానికి బరువైన సంచీ. బిందు ఆవిడ గొంతు వినగానే లోపలి గదిలో తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

"తాతారావు గారూ, పదో తరగతి పరీక్షకు పేర్లు పంపించడానికి సోమవారం ఆఖరి రోజండీ. బిందు వచ్చి సంతకం పెడితే పేరు వెళ్తుంది. లేకపోతే ఈ ఏడాది పోయినట్టే. ఒక ఏడాది పోయాక మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

"కూర్చోండి టీచర్ గారూ," అంది ఝాన్సీలక్ష్మి. "కాఫీ తీసుకుంటారా? అది లోపలే ఉంది, మీరే చెప్పండి. మా మాట వినట్లేదు."

"చదువు ఎందుకమ్మా అంటే చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి ఝాన్సీ గారూ. అన్నీ స్కూలు గోడ మీద రాసే ఉన్నాయి. అయిదేళ్ళుగా రోజూ వాటి పక్క నుంచే నడిచింది. మళ్ళీ నేను చదివి వినిపిస్తే లాభమేముంది?" అని ఆవిడ నవ్వి, తలుపు వైపు తిరిగి గొంతు పెంచింది. "బిందూ, నువ్వు లేకపోతే క్లాసులో 'ఎందుకు టీచర్' అని అడిగేవాళ్ళు లేరే. నాకు తోచట్లేదు."

తలుపు కదల్లేదు. టీచరు కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఎండబెట్టిన గాజుల గుత్తి చూసి ఆగింది.

"ఇవి మీరు చేసినవేనా? నేను ఇరవై రెండేళ్ళుగా పూత పాఠం చెబుతున్నానండీ. బొమ్మ గీసి చూపిస్తాను. ఇదే ఊళ్ళో ఉండి ఒక్కసారి కూడా తొట్టి చూడలేదు. సిగ్గుగా ఉంది."

పూత పాఠం ఒకటుందన్న సంగతి తాతారావు వినడం అదే మొదలు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. చదువు మానేసిన పిల్ల తండ్రిగా నిలబడి, ఆ పాఠం నాకు చెప్పండి అని ఏ మొహంతో అడుగుతాడు?

శనివారం మధ్యాహ్నం అసలు విషయం జరిగింది.

షెడ్డులో శ్రావ్య అని కొత్తమ్మాయి చేరి మూడు రోజులైంది. పెళ్ళయి ఈ మధ్యే చిలకలపూడికి కాపురానికి వచ్చింది. కడిగిన సరుకును తీగలకు గుచ్చే పని ఆమెకు చూపించమని రామబ్రహ్మం గారు బిందుకు చెప్పారు. తాతారావు లోపల పూత గదిలో ఉన్నాడు. అడ్డుగా ఉన్నది పలచటి చెక్క గోడ.

"కడిగాక వేలితో ముట్టుకోకూడదు శ్రావ్యక్కా. ఇదిగో, ఈ పట్టకారుతో," అంటోంది బిందు.

"ఎందుకని?"

"ఎందుకేంటి? ముట్టుకోకూడదంతే. ఇంకోటి, లోపల ముంచేటప్పుడు మాట్లాడకూడదు. తూర్పుకే తిరిగుండాలి."

"తూర్పుకా? దేనికి?"

"అంటే... మా నాన్న చెప్పాడు. మా నాన్నకి వాళ్ళ మావయ్య చెప్పాడు. ఎక్కువ ప్రశ్నలడిగితే పని రాదక్కా."

శ్రావ్య కిసుక్కున నవ్వింది. "అబ్బో, పెద్దముత్తైదువ!"

తాతారావు చేతిలో తీగ ఆగిపోయింది. ఆ మాట అతను కూతురికి ఎప్పుడు చెప్పాడో గుర్తులేదు. చెప్పే ఉంటాడు. ఆరేళ్ళప్పుడు వాన నీళ్ళలో నిలబడి, ఈ నీళ్ళు సముద్రంలోకి వెళ్ళాక ఉప్పగా ఎప్పుడు మారతాయి నాన్నా అని అడిగిన పిల్ల. చీమ నిద్రపోతుందా, బస్సులో ఎగిరిన ఈగ బస్సుతోపాటు గుడివాడ ఎలా వెళ్తుంది అని ప్రాణం తీసిన పిల్ల. ఆ పిల్ల నోట్లోంచి ఇప్పుడు మావయ్య మాట్లాడుతున్నాడు. ఆరు వారాలే పట్టింది.

తొట్టిలో సరుకు ఎక్కువసేపు ఉండిపోయింది. తీసేసరికి అంచులు నల్లబడ్డాయి. రామబ్రహ్మం గారు వచ్చి చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏంటోయ్ తాతారావ్, నీ చేతిలో సరుకు మాడటమేంటి? ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండీ. రేపు ఆదివారం షెడ్డు తాళం ఇస్తారా?"

"ఎందుకు?"

"చిన్న పరీక్ష ఉందండీ."

"నీకా?" అని ఆయన పకపకా నవ్వారు. నవ్వుతూనే తాళం ఇచ్చారు. "బంగారం తొట్టి జోలికి వెళ్ళావంటే ఊరుకోను."

ఆదివారం పొద్దున తాతారావు కూతుర్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. మూలన తీసి పారేసిన ఇత్తడి గాజులు పాతిక ఏరాడు. బంగారం పూతకు ముందు వేసే రాగి పూత తొట్టి మూత తీశాడు. మైలుతుత్తమనే రాగి మందు కలిపిన నీళ్ళు నీలంగా నిగనిగలాడుతున్నాయి.

"నువ్వు అక్కడే స్టూలు మీద కూర్చో. నీళ్ళ దగ్గరికి రాకు. నోట్ బుక్ తెచ్చావా?"

"తెచ్చాను. ఏం చేస్తున్నాం నాన్నా?"

"మావయ్య చెప్పినవి ఏడున్నాయి కదా. ఒక్కొక్కటే తప్పి చూద్దాం. ఏది తప్పితే ఏమవుతుందో రాయి."

బిందు తండ్రి మొహంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆడట్లేదు. అప్పటికే మొదటి గాజును తీగకు గుచ్చుతున్నాడు.

మొదట పడమటికి తిరిగాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. వీపు చురుక్కుమన్నట్టనిపించింది. మెల్లగా ఊపుతూ లోలోపల అంకెలు లెక్కపెట్టి గాజు పైకి తీశాడు. గాజు ఎర్రగా, నున్నగా, ఎప్పటిలాగే ఉంది. తిప్పి చూశాడు. వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏం కాలేదు నాన్నా!"

"ఏం కాలేదు," అన్నాడు తాతారావు. తనకు సంతోషంగా ఉందో, మోసపోయినట్టుందో తెలియలేదు. "ముప్పై ఏళ్ళు తూర్పుకు తిరిగానే!"

"ఆగు, ఆగు. మీ మావయ్య నీకు పని నేర్పిన పాత షెడ్డులో కిటికీ ఎటుండేది?"

"తూర్పుకి." అని అతను ఆగాడు. "ఉన్నది ఆ ఒక్క కిటికీయే. అటు తిరక్కపోతే రంగు కనపడేది కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిందు గబగబా రాసుకుంది.

తర్వాత ఇనప మేకు తీసేశారు. ఏమీ కాలేదు. కడిగిన గాజును బొటనవేలితో గట్టిగా నొక్కి ముంచారు. ఆ మేరకు పూత సరిగ్గా పట్టక, వేలి గీతలతో సహా మచ్చ తేలింది. "ఇది నిజం!" అని అరిచింది బిందు. ఊపకుండా ముంచిన గాజు ఒకచోట మెరిసి ఒకచోట మసకబారింది. అదీ నిజమే. ముంచాక స్విచ్ వేసి చూస్తే పూత గోటికే పొరలా ఊడొచ్చింది, ఆ నియమమూ నిజమే. తరువాత మాట్లాడుతూ ముంచాల్సి వచ్చింది. ఏం మాట్లాడాలో తోచక తాతారావు నాగాయలంకలో తను చదివిన బడి గురించి మొదలుపెట్టాడు. బడి వెనక మడ అడవి, పోటు వచ్చినప్పుడు మెట్ల దాకా వచ్చే నీళ్ళు, తరగతిలోకి వచ్చిన ఎండ్రకాయను చూసి బెంచీ ఎక్కిన హిందీ మాస్టారు. బిందు కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగేసరికి గాజు అంచులు గరుకెక్కి ఉన్నాయి.

"మాటలకి పాడైందా?" అంది బిందు నమ్మలేనట్టు.

"మాటలకి కాదు. లెక్క తప్పాను."

"అంటే మాట్లాడొచ్చు. లెక్క తప్పకూడదు. ఆ మాటే చెప్పొచ్చు కదా మీ మావయ్య!"

"ఆయనక్కూడా ఎవరో ఇలాగే చెప్పుంటారు."

మంగళవారం సంగతి ఆదివారం తేలేది కాదు. వెనకటికి ఆ వీధిలో మంగళవారాలు కరెంటు తీసేసేవాళ్ళేమో అన్నాడు తాతారావు. బిందు ఆ నియమం పక్కన 'అనుమానం' అని రాసింది.

పదకొండయ్యేసరికి పాతిక గాజులూ అయిపోయాయి. బిందు మాత్రం స్టూలు దిగలేదు. పేజీ తిప్పి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. జిడ్డు ఉన్నచోట పూత ఎందుకు పట్టదు? ఊపితే ఏమవుతుంది? రేకు వైపున్న భాగం మీద ఎక్కువ, వెనక భాగం మీద తక్కువ ఎందుకు?

"ఇంకోటి రాయి," అన్నాడు తాతారావు.  ఈ ప్రశ్నను కూతురి ముందు ఎప్పుడూ పెట్టలేదు. "గాజు మీదకెక్కే రాగి రేకులోంచి వస్తోందా, నీళ్ళలోంచి వస్తోందా? రేకు అరుగుతోంది. నేను చూస్తున్నాను కదా, మూడు నెలలకోసారి మారుస్తాను. మరి రేకులోంచే వస్తే, నీళ్ళల్లో మైలుతుత్తం దేనికి? నీళ్ళలోంచే వస్తే రేకెందుకు అరుగుతోంది?"

బిందు పెన్ను ఆపి నీలం నీళ్ళ వైపు చూసింది.

"నాకు తెలీదు నాన్నా. పోయినేడాది టీచర్ బొమ్మ గీశారు. బిట్లు ఇచ్చారు. బట్టీ పట్టాను, మార్కులొచ్చాయి. ఇదీ అదీ ఒకటేనని అనుకోలేదు."

"ఫోన్లో చూడకూడదూ?"

చూసింది. మూడు వీడియోలు చూసింది. మొదటివాడు హిందీలో మాట్లాడాడు. రెండోవాడు ఏదో మందు కొనమన్నాడు. మూడోవాడు తెలుగులోనే చెప్పాడు గానీ ప్రతి మాటకీ ముందు ఇంకో మాట తెలిసుండాలి. "ఇది మొదట్నుంచీ తెలిస్తే గానీ అర్థం కాదు," అని ఫోను పక్కన పెట్టేసింది.

తాతారావు తొట్టి మీద మూత పెట్టాడు. చేతులు కడుక్కుని, స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. మాటలు ఏరుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

"నీ చెయ్యి మంచిదే తల్లీ. నేను కాదనను. నా దగ్గరున్నదంతా నువ్వు ఆరు వారాల్లో పట్టేశావు. ఇంకో ఏడాదికి ముంచడం కూడా వచ్చేస్తుంది. ఆ తర్వాత నేర్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఏడాదిలో వచ్చే పనిని నేను ముప్పై ఏళ్ళు చేశాను."

బిందు నోట్ బుక్ అంచు మడుస్తూ విప్పుతూ కూర్చుంది.

"నిన్న శ్రావ్యకి నువ్వు చెప్పింది విన్నాను. ప్రశ్నలడిగితే పని రాదని."

"ఊరికే అన్నాను నాన్నా."

"మావయ్య కూడా ఊరికే అన్నాడు. నేను నమ్మాను."

బిందు, "ఫెయిలవుతాను," అంది.  "నీకు తెలీదు, లెక్కలు నాకు ఒక్కటీ రావు. అందరూ పాసై నేనొక్కదాన్నీ..."

"అవుతావేమో," అన్నాడు తండ్రి. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "ఇవాళ పొద్దున్నుంచి పాతిక గాజులు పాడుచేశాం కదా. ఏది పాడైతే అక్కడే కదా తెలిసింది?"

ఆ సమాధానంతో బిందు తృప్తి పడినట్టు కనిపించలేదు. లేచి స్టూలు మూలకు జరిపింది. గుమ్మం దగ్గర ఆగి, "రేపు వెళ్ళి టీచర్ని ఇవి అడిగొస్తా. చేరతానని కాదు," అంది.

"నన్నడగమంటావా పోనీ?"

"నువ్వడిగితే సగం మర్చిపోతావు."

సోమవారం తాతారావు షెడ్డుకు వెళ్ళలేదు. ఝాన్సీలక్ష్మి ఇస్త్రీ చేసి ఉంచిన చొక్కా వేసుకున్నాడు. బిందు యూనిఫారం వేసుకోలేదు, మామూలు డ్రెస్సే వేసుకుంది. తల్లి ఆ సంగతి గమనించి కూడా ఏమీ అనకుండా జడ వేసింది.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక స్టాఫ్ రూము బయట వరండాలో కారియర్ తీసుకుని కూర్చున్న ఎలీసబెతు టీచరు వాళ్ళను చూసింది. ఆమె నోరు తెరిచేలోపే బిందు నోట్ బుక్ చాపింది. ఆవిడ చదివింది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి చదివింది. కారియర్ మూత తీసి అలాగే వదిలేసింది.

"రేకా, నీళ్ళా? ఈ ప్రశ్న ఎవరిది?"

"మా నాన్నదండీ."

"రెండూ తాతారావు గారూ. నీళ్ళలో ఉన్న రాగి వెళ్ళి గాజు మీద కూర్చుంటుంది. నీళ్ళల్లో అంత తగ్గుతుంది కదా, దాన్ని రేకు భర్తీ చేస్తుంది. అరిగిన రేకు నీళ్ళల్లో కలుస్తుంది. అందుకే మీ నీళ్ళ నీలం అంత తొందరగా తగ్గదు. తగ్గదు కదూ?"

తాతారావు తల ఊపాడు. తగ్గదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు. కాబట్టే అది కూడా ఒక ప్రశ్న అని ఎప్పుడూ తట్టలేదు. "అంటే ఇప్పుడు రేకులోంచి వెళ్ళింది వెంటనే గాజు మీద ఎక్కదు. నీళ్ళలో తన వంతు కోసం ఆగుతుంది," అన్నాడు.

"అంతే. నేనింత బాగా ఎప్పుడూ చెప్పలేదు."

జిడ్డు గురించి చెప్పింది. ఊపడం గురించి చెప్పింది. వెనక భాగం మీద తక్కువ ఎందుకన్న దగ్గర ఆగి, "కొంతే తెలుసు నాకు. మిగతాది కాలేజీలో చెబుతారు," అంది. ఆఖర్న, "ఎంతసేపు ఉంచితే ఎంత రాగి ఎక్కుతుందో ముందే చెప్పేయొచ్చు. దానికి లెక్క ఉంది," అంది.

బిందు మొహం వాడిపోయింది. "ఇక్కడికీ వచ్చాయా లెక్కలు!"

"మీ నాన్న పలచటి పూతకి ఎంతవరకూ లెక్కపెడతారు?"

"నలభై," అన్నాడు తాతారావు.

"దానికి రెట్టింపు మందం కావాలంటే?"

"ఎనభై. అది లెక్క కాదండీ, అలవాటు."

"అదే లెక్క," అంది టీచరు. ఆ తర్వాత బిందు వైపు తిరిగింది. "చూడమ్మా, పాసవుతావని నేను మాటివ్వను. మార్చికి ఉన్నది నాలుగు నెలలు. రోజూ సాయంత్రం గంటసేపు కూర్చుంటే ముప్పై అయిదు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే జూన్‌లో మళ్ళీ రాస్తావు. ఈ పుస్తకంలో నువ్వు రాసినవాటికి మాత్రం రాళ్ళు అతికిస్తే సమాధానాలు దొరకవు."

బిందు నోట్ బుక్ వెనక్కి తీసుకుంది. వరండా అవతల కుళాయి దగ్గర తన క్లాసు పిల్లలు గిన్నెలు కడుక్కుంటున్నారు. ఒకమ్మాయి చెయ్యి ఊపింది. బిందు ఊపలేదు. ఎత్తబోయిన చేత్తో చున్నీ సవరించుకుంది.

"కాలేజీలో చెప్పేదానికి కూడా మళ్ళీ ఇంకేదో మిగిలుంటుందా టీచర్?"

"ఉంటుంది. నేను అంత దూరం వెళ్ళలేదు."

"అయితే సాయంత్రాలు మా నాన్న కూడా వచ్చి వినొచ్చా?"

తాతారావు చటుక్కున కూతురి వైపు చూశాడు. టీచరు నవ్వును ఆపుకుంటూ, "మీ నాన్న వస్తే నాకు తొట్టి పాఠం చెప్పాలి. అలా అయితేనే," అని లేచి లోపలికి వెళ్ళి, పేర్లు పంపే కాగితం తెచ్చింది. బిందు పేరు ఎదురుగా గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. స్కూలు రికార్డులో ఉన్న ఫోటో అతికించారు. తండ్రి సంతకం పెట్టాడు. కూతురు సంతకం పెట్టింది.

"రెండు పుట్టుమచ్చలు చెప్పు. పరీక్ష రోజు నువ్వు నువ్వేనని పోల్చుకోవడానికి."

"మెడ మీద ఒకటి. ఇంకోటి..." బిందు కుడిచెయ్యి చాచింది. మణికట్టు నిండా జిగురు చారలు, పాలిషు మరకలు. ఆరు వారాల పని అక్కడ నల్లగా, మచ్చలు మచ్చలుగా పట్టి ఉంది. ఏది పుట్టుకతో వచ్చిందో తనకే తెలియలేదు.

"ఇదా? ఇది మరకలా ఉందే," అంది టీచరు పెన్ను ఆపి.

తాతారావు కూతురి చెయ్యి పట్టుకుని, బొటనవేలు తడి చేసుకుని రుద్దాడు. ఒక చుక్క వదిలిపోయింది. రెండోది వదిలిపోయింది. మూడోదాన్ని గట్టిగా రుద్దాడు. బిందు, "అబ్బా, నాన్నా!" అంది. అది పోలేదు.

"మచ్చేనండీ," అన్నాడు తాతారావు. "రాసుకోండి."